జాక్సన్ హైట్స్‌లో ఉంటున్నాము. 25వ కౌన్సిల్ నియోజకవర్గం మాదేనా, ఓటు లేని మాకు ఆ సభ్యునితో పని ఉంటుందా?

ప్రశ్న
రాసినవారు: గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మేము న్యూయార్క్ నగరం, క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌కు వచ్చి మూడేళ్లు కావస్తున్నది. నేను ఉద్యోగ వీసా మీద ఉన్నాను. ఇద్దరు పిల్లలతో 35వ అవెన్యూ వైపు ఒక ఆరంతస్తుల పాత ఇటుక భవనంలో అద్దెకు ఉంటున్నాము. గత నెల తపాలా పెట్టెలో మా నగర కౌన్సిల్ సభ్యుని పేరిట ఒక కరపత్రం వచ్చింది. 25వ నియోజకవర్గమనీ, జాక్సన్ హైట్స్, ఎల్మ్‌హర్స్ట్ అందులోకి వస్తాయనీ దాని మీద ఉంది. అదే వారం నార్తర్న్ బులవార్డుకు అవతల ఉండే మా మిత్రుని ఇంటికి భోజనానికి వెళితే, ఆయన వంటింటి బల్ల మీద మరో సభ్యుని కరపత్రం కనిపించింది. ఆయన కూడా తన పేట జాక్సన్ హైట్స్ అనే చెప్పుకుంటారు. ఒకే పేటకు ఇద్దరు సభ్యులు ఎలా ఉంటారో మాకు అర్థం కాలేదు.

అసలు అవసరం వేరే ఉన్నది. ఈ చలికాలంలో మా భవనంలో రాత్రి పదకొండు దాటితే రేడియేటర్లు చల్లబడిపోతున్నాయి. జనవరిలో ఒక తెల్లవారుజామున పిల్లవాడి గదిలో థర్మామీటరు 59 డిగ్రీల ఫారెన్‌హీట్ (మన లెక్కలో 15 సెల్సియస్) చూపించింది. వాడు రెండు స్వెట్టర్లు తొడుక్కుని, ఊరి నుంచి అమ్మ పంపిన దుప్పటి తల మీదుగా కప్పుకుని ముడుచుకుని పడుకున్నాడు. సూపర్‌ని, అంటే భవనం బాగోగులు చూసే ఉద్యోగిని, అడిగితే బాయిలర్ పాతదంటారు, యాజమాన్యానికి ఫోన్ చేస్తే సూపర్‌ని అడగమంటారు. ఈ విషయం కౌన్సిల్ సభ్యుని కార్యాలయానికి తీసుకువెళ్లవచ్చునా, లేక అది ఓటున్నవారికి మాత్రమే తెరిచి ఉండే తలుపా? మన ఊళ్లో అయితే కార్పొరేటర్ ఇంటి ముందు పొద్దున్నే నిలబడితే ఏదో ఒక మాట చెప్పి పంపేవారు. ఇక్కడి పద్ధతి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


సమాధానం 1
రాసినవారు: పాత కాపు

గోదావరి గట్టు గారూ, ముందుగా కరపత్రాల సంగతి చూద్దాము. న్యూయార్క్‌లో పేటలకు చట్టబద్ధమైన హద్దులు లేవు. జాక్సన్ హైట్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అక్కడివారి అలవాటు ఒకటి చెబుతుంది, ఇళ్లు అమ్మేవారి ప్రకటన ఇంకొకటి చెబుతుంది. కౌన్సిల్ నియోజకవర్గానికి మాత్రం ఏ వీధిలో ఏ పక్క వరకు అన్నంత కచ్చితమైన గీత ఉంటుంది. 25వ నియోజకవర్గంలో జాక్సన్ హైట్స్‌లోని ప్రధాన భాగమూ, రూజ్‌వెల్ట్ అవెన్యూకు దక్షిణాన ఎల్మ్‌హర్స్ట్ భాగమూ ఉన్నాయి. జాక్సన్ హైట్స్ అని పిలుచుకునే ప్రాంతపు అంచులు కొన్ని ఆస్టోరియా ఉన్న 22వ నియోజకవర్గంలోకీ, కరోనా అనే పేట, ఈస్ట్ ఎల్మ్‌హర్స్ట్ ఉన్న 21వ నియోజకవర్గంలోకీ వెళతాయి. మీ మిత్రునికి వేరొక కరపత్రం రావడానికి కారణం అదే. నగర కౌన్సిల్ వెబ్‌సైటులో ఇంటి నంబరు, వీధి పేరు ఇస్తే నియోజకవర్గం వెంటనే తెలుస్తుంది. క్వీన్స్‌లో 37వ అవెన్యూ, 37వ రోడ్డు, 37వ వీధి వేర్వేరు కనుక చిరునామా కొట్టేటప్పుడు జాగ్రత్తగా ఉండండి. నేను వచ్చిన కొత్తలో ఒకసారి రోడ్డుకు బదులు అవెన్యూ రాసి, మా పార్సిలు ఎవరి గుమ్మానికి చేరిందో వారం రోజులు వెతుక్కున్నాను.

నగరమంతటికీ 51 నియోజకవర్గాలు ఉన్నాయి. పూర్వం 35 ఉండేవి. అప్పట్లో బడ్జెటు, భూ వినియోగం వంటి పెద్ద నిర్ణయాలు ఎక్కువగా బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ అనే సంస్థ చేతిలో ఉండేవి. అందులో బ్రూక్లిన్ బరో (నగరంలోని ఐదు పెద్ద విభాగాలను బరోలంటారు) అధ్యక్షునికీ, జనాభాలో దానికి ఎంతో చిన్నదైన స్టేటెన్ ఐలండ్ అధ్యక్షునికీ సమానమైన ఓటు ఉండేది. మనిషికొక ఓటు అనే సూత్రానికి అది విరుద్ధమని 1989లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది నగర ప్రజలు కొత్త చార్టర్‌ను, అంటే నగర పాలనకు మూలమైన చట్టాన్ని, ఆమోదించారు, బోర్డు రద్దయింది, కౌన్సిల్‌కు అధికారాలు పెరిగాయి, 1991 ఎన్నికల నుంచి స్థానాలు 51 అయ్యాయి.

2020 జనాభా లెక్కల్లో నగర జనాభా 88,04,190గా తేలింది. దానిని 51తో భాగిస్తే ఒక్కో సభ్యుని వంతుకు ఇంచుమించు 1,73,000 మంది వస్తారు. పోల్చి చూడాలంటే, హైదరాబాదులో 2020 ఎన్నికల నాటికి 150 డివిజన్లు ఉండగా, 2011 లెక్కల ప్రకారం నగర పాలక సంస్థ పరిధిలో సుమారు 67 లక్షల మంది ఉన్నారు, అంటే కార్పొరేటరుకు 45 వేల మంది. ఇక్కడి సభ్యుడు మన కార్పొరేటర్ కంటే జనాభా లెక్కన మన ఎమ్మెల్యేకు దగ్గర. పొద్దున్నే ఇంటి ముందు నిలబడే పద్ధతి ఇక్కడ కుదరకపోవడానికి ఈ అంకె కూడా ఒక కారణమే. అయితే ప్రతి సభ్యునికీ నియోజకవర్గంలోనే ఒక కార్యాలయం ఉంటుంది, అక్కడ ప్రజల ఫిర్యాదులు చూడడమే పనిగా ఉన్న సిబ్బంది ఉంటారు.

మీ సభ్యుడు శేఖర్ కృష్ణన్. 2021 నవంబరులో మొదటిసారి గెలిచారు. న్యూయార్క్ నగర కౌన్సిల్‌కు ఎన్నికైన తొలి భారతీయ అమెరికన్ ఆయనే. అంతకుముందు 2010 నుంచి 2021 చివరి వరకు ఆ స్థానంలో డేనియల్ డ్రామ్ ఉన్నారు.


సమాధానం 2
రాసినవారు: ఏడో నంబరు రైలు

ఓటు లేనివారికి ఆ తలుపు తెరుచుకుంటుందా అన్న ప్రశ్నే ఇందులో ముఖ్యమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే మనవారిలో చాలామంది ఆ సంకోచంతోనే పదేళ్లు గడిపేస్తారు. పాత కాపు గారు చెప్పిన 1,73,000 అనే అంకెలోనే దీనికి జవాబు ఉంది. ఆ లెక్క ఓటర్లది కాదు, మనుషులది. నియోజకవర్గాల గీతలు జనాభా లెక్కల మొత్తం మీద గీస్తారు. అందులో పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, వీసా మీద ఉన్నవారు, ఏ కాగితమూ లేనివారు, నిన్న పుట్టిన బిడ్డ, అందరూ ఒక్కొక్కరుగానే లెక్కకు వస్తారు. మీ పిల్లలిద్దరూ, మీరూ, మీ శ్రీమతీ లెక్కలో ఉంటేనే ఆ సభ్యునికి ఆ కుర్చీ ఉన్నది. 25వ నియోజకవర్గం వంటి వలసదారుల ప్రాంతంలో ఓటు హక్కు లేని పెద్దలు చాలామంది ఉంటారు కనుక, అక్కడి కార్యాలయం ఓటర్లను మాత్రమే చూస్తామంటే సగం వీధులకు తలుపు మూసుకున్నట్టే అవుతుంది.

ఓటు సంగతి కూడా చెప్పడం మంచిది, ఎందుకంటే మధ్యలో కొంతకాలం ఒక ఆశ కలిగి పోయింది. గ్రీన్‌కార్డు ఉన్నవారు, పనిచేసే అనుమతి ఉన్నవారు నగర స్థాయి ఎన్నికల్లో ఓటు వేయవచ్చునని కౌన్సిల్ 2021 డిసెంబరులో ఒక చట్టం ఆమోదించింది. అది అమలైతే మేయర్, కౌన్సిల్ వంటి స్థానాలకు మీకూ ఓటు ఉండేది. 2022 జూన్‌లో స్టేటెన్ ఐలండ్ న్యాయస్థానం దానిని కొట్టివేసింది, చివరికి 2025 మార్చిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ కూడా అది రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. కాబట్టి ఎవరైనా మీ చేతికి ఓటరు నమోదు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నా పెట్టవద్దు. వీసా మీద ఉన్నవారు పొరపాటున నమోదైనా రేపు గ్రీన్‌కార్డు దగ్గర, ఆ తరువాత పౌరసత్వం దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. ఈ ఒక్క మాటను ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి.

ఓటు లేకుండానే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రజలే ప్రతిపాదించి ప్రజలే ఎంపిక చేసే బడ్జెటు పద్ధతి ఇక్కడ 2011లో నాలుగు నియోజకవర్గాలతో మొదలైంది. అది నడిచే నియోజకవర్గాల్లో కనీసం పది లక్షల డాలర్ల పనులను నివాసులే ఎన్నుకుంటారు, పదకొండేళ్లు నిండిన పిల్లలు కూడా పాల్గొనవచ్చు, పౌరసత్వం అడగరు. దానిని నడపడమా మానడమా అన్నది సభ్యుని ఇష్టం కనుక మీ దగ్గర ఈ ఏడాది ఉందో లేదో కార్యాలయంలోనే అడగాలి. మా అమ్మాయి పన్నెండో ఏట తన బడికి కొత్త స్నానాల గదులు కావాలని ఓటు వేసి వచ్చి, ఆ రాత్రి భోజనాల దగ్గర నన్ను చూసి, నాన్నా, మీరు వేశారా అని అడిగింది. అప్పటికి అలాంటిది ఒకటి ఉందనే నాకు తెలియదు.

అలాగే పేటల విషయాల మీద నగరానికి సలహాలిచ్చే కమ్యూనిటీ బోర్డులు నగరంలో 59 ఉన్నాయి. వాటిలో సభ్యత్వానికి ఆ ప్రాంతంలో నివాసమో, వృత్తి సంబంధమో ఉంటే చాలు, పౌరసత్వం నియమం కాదు. ఒక్కో బోర్డులో యాభై మంది వరకు ఉంటారు. వారిని బరో అధ్యక్షుడు నియమిస్తారు, అందులో సగం మందిని కౌన్సిల్ సభ్యులు సూచిస్తారు. మీ నియోజకవర్గం రెండు బోర్డుల మీదుగా పరుచుకుని ఉంది. రూజ్‌వెల్ట్ అవెన్యూకు ఉత్తరాన మూడో బోర్డు, దక్షిణాన ఎల్మ్‌హర్స్ట్ వైపు నాలుగో బోర్డు. తలమీద ఏడో నంబరు రైలు వెళ్లినప్పుడల్లా మాట ఆపి, అది దాటాక మళ్లీ అందుకునే ఆ రోడ్డే బోర్డుల సరిహద్దు. రెండు ఒడ్డులూ మీ సభ్యునివే కావడం వల్ల ఆ రోడ్డు మీది చెత్త గురించో, తోపుడు బళ్ల గురించో రెండు బోర్డులూ ఒకరి మీద ఒకరు చెప్పుకున్నప్పుడు కలపగలిగేది ఆయన కార్యాలయమే.


సమాధానం 3
రాసినవారు: కూడలి కబురు

పై ఇద్దరూ చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు గానీ, ప్రశ్న అడిగినవారికి అతి ఆశ కలగకూడదని కొంత చల్లటి నీళ్లు చల్లుతున్నాను. నేను క్వీన్స్‌లోనే మరో నియోజకవర్గంలో పదిహేనేళ్లుగా ఉంటున్నాను, పేరు చెప్పను. మా మూల మీద బడి పిల్లలు దాటే చోట వేగ నిరోధకం కావాలని మేము కౌన్సిల్ కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాము. ప్రతిసారీ మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పేరు రాసుకున్నారు, సంబంధిత శాఖకు ఉత్తరం కూడా రాశారు. ఆ శాఖ అధ్యయనం చేసి, అక్కడ అవసరం లేదని ఒక పేజీ జవాబు పంపింది. కథ అక్కడితో ముగిసింది.

కారణం ఏమిటంటే, కౌన్సిల్ సభ్యునికి శాఖల మీద ఆజ్ఞాపించే అధికారం లేదు. రవాణా, పారిశుద్ధ్యం, పార్కులు, గృహ విభాగం, పోలీసు, వీటన్నిటి కమిషనర్లూ మేయరు చేతి కింద ఉంటారు. మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, కౌన్సిల్ ఎన్నుకోదు. మన దగ్గర పరిస్థితి తలకిందులు. హైదరాబాదులో మేయరును కార్పొరేటర్లూ, హోదా రీత్యా ఓటున్న ఎమ్మెల్యేలు తదితరులూ ఎన్నుకుంటారు, అసలు యంత్రాంగం మాత్రం కమిషనర్ దగ్గర ఉంటుంది. అక్కడ మేయరుకు పీఠం ఎక్కువ, చేతిలో పని తక్కువ. ఇక్కడ మేయరు చేతిలో పని ఎక్కువ, కౌన్సిల్ చేతిలో ప్రశ్నించే అధికారమూ, చట్టమూ, డబ్బు ఆమోదమూ ఉంటాయి.

ఇంకొక గందరగోళం కూడా మనవారిలో కనిపిస్తుంది. కౌన్సిల్ వేరు, రాష్ట్ర అసెంబ్లీ వేరు, వాషింగ్టన్ కాంగ్రెస్ వేరు. మేయర్ కాకముందు జోహ్రాన్ మమ్దానీ ఆస్టోరియా నుంచి రాష్ట్ర అసెంబ్లీ సభ్యులుగా ఉండేవారు, నగర కౌన్సిల్‌లో కాదు. వీసా ఆలస్యం గురించి కౌన్సిల్ కార్యాలయంలో అడిగితే వారు మిమ్మల్ని కాంగ్రెస్ సభ్యుని కార్యాలయానికి పంపుతారు, సబ్‌వే ఆలస్యం గురించి అడిగితే అది రాష్ట్ర సంస్థ అంటారు. ఎవరి గుమ్మం ఏదో తెలియకపోతే తిరుగుడే మిగులుతుంది. అందుచేత వేడి సంగతికి ముందు నగరపు ఫిర్యాదుల ఫోన్ నంబరైన 311కు ఫోన్ చేయండి, కౌన్సిల్ తరువాత.


సమాధానం 4
రాసినవారు: పాత కాపు

కూడలి కబురు గారు చెప్పిన క్రమంతో ఏకీభవిస్తాను, ముగింపుతో పూర్తిగా ఏకీభవించను. ముందు 311, అందులో సందేహం లేదు. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు వేడి ఇవ్వడం యజమాని చట్టబద్ధమైన బాధ్యత. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు బయట 55 డిగ్రీల లోపు ఉంటే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట ఎంత ఉన్నా లోపల 62కు తగ్గకూడదు. గోదావరి గట్టు గారి పిల్లవాడి గదిలో 59 అంటే అది ఉల్లంఘనే, అదీ అత్యవసర తరగతి ఉల్లంఘన. ప్రతి రాత్రీ తేదీ, గంట, లోపలి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, థర్మామీటరు కనిపించేలా ఫోటో తీయండి. ప్రతి ఫిర్యాదుకూ వచ్చే నంబరు దాచుకోండి. మీ ఒక్క ఇంటి నుంచి పది ఫిర్యాదులు వెళ్లడం కన్నా పది ఇళ్ల నుంచి ఒక్కొక్కటి వెళితే బరువు ఎక్కువ. తనిఖీ అధికారి వచ్చి తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే ఫిర్యాదు మూసివేసే ప్రమాదం ఉంది కనుక ఆ రోజుల్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.

ఆ నంబర్లన్నీ పట్టుకుని వెళ్లినప్పుడే కౌన్సిల్ కార్యాలయం పనికి వస్తుంది. ఉత్త మాటతో వెళితే వారు మీ ముందే 311కు ఫోన్ చేస్తారు, అంతకు మించి చేయడానికి ఏమీ ఉండదు. నాలుగు నంబర్లతో, ఉష్ణోగ్రతల పట్టికతో వెళితే గృహ విభాగంలో తమకు తెలిసిన అధికారిని నేరుగా అడుగుతారు, భవనమంతటికీ ఒకేసారి తనిఖీ కోరతారు. ఆజ్ఞాపించే అధికారం లేకపోయినా, ఆ శాఖ బడ్జెటును ప్రతి ఏడాదీ విచారించి, జూన్ 30 లోపు ఆమోదించేది కౌన్సిలే కనుక, శాఖలు వారి ఫోన్ ఎత్తుతాయి.

వేగ నిరోధకం విషయంలో మీకు జరిగినదే చాలామందికి జరుగుతుంది, కాదనను. అయితే సభ్యుని చేతిలో నిజంగా బరువున్న పనులు వేరే చోట ఉన్నాయి. బడులకు కంప్యూటర్లు, ఆటస్థలాలు, గ్రంథాలయాల మరమ్మతులు, పార్కుల పనులు, వీటికి తమ వంతు మూలధన నిధుల నుంచి సభ్యులే కేటాయిస్తారు. సీనియర్ సిటిజన్ల కేంద్రాలకూ, ఇంగ్లీషు నేర్పే సంఘాలకూ ఏటా కొంత సొమ్ము ఇస్తారు. భూ వినియోగం మార్చాలంటే ప్రతిపాదన కమ్యూనిటీ బోర్డు దగ్గర 60 రోజులు, బరో అధ్యక్షుని దగ్గర 30, ప్రణాళికా కమిషన్ దగ్గర 60 రోజులు గడిచి కౌన్సిల్‌కు వస్తుంది. అక్కడ ఆ ప్రాంతపు సభ్యుని మాటనే మిగతావారు అనుసరించడం చాలాకాలంగా ఆనవాయితీ. 2025 నవంబరులో ప్రజలు ఆమోదించిన చార్టర్ సవరణలు అందుబాటు ధర ఇళ్ల విషయంలో ఈ పట్టును కొంత సడలించాయి. కౌన్సిల్ తిరస్కరించిన ప్రతిపాదనను మేయరు, కౌన్సిల్ స్పీకరు, బరో అధ్యక్షుడు ముగ్గురూ ఉండే అప్పీలు మండలి తిరిగి చూడవచ్చు.

మీ పేటలోనే ఒక ఉదాహరణ ఉంది. 34వ అవెన్యూ మీద 2020లో కరోనా కాలంలో 69వ వీధి నుంచి జంక్షన్ బులవార్డు దాకా 26 బ్లాకులను పగటి పూట కార్లకు మూసివేయడం మొదలుపెట్టారు. జనం కిక్కిరిసి, పార్కులు తక్కువగా ఉన్న ప్రాంతం కనుక ఆ రోడ్డే మైదానమైంది. బడులు వదిలాక అక్కడికి వెళితే సైకిలు నేర్చుకునే పిల్లలు, కుర్చీలు తెచ్చుకుని కూర్చున్న ముసలివారు, ఇంగ్లీషు పాఠం వింటున్న ఆడవారు కనిపిస్తారు. కార్లు నిలుపుకునే చోటు పోయిందనీ, అంబులెన్సులకు అడ్డమనీ వాదించేవారూ గట్టిగానే ఉన్నారు. దానిని అమలు చేసేది మేయరు చేతి కింది శాఖే. అయినా డ్రామ్, ఆ తరువాత కృష్ణన్ దానికి బలంగా నిలబడకపోతే అది ఇన్నేళ్లు నిలిచేదని నేను అనుకోను.


సమాధానం 5
రాసినవారు: తూర్పు గుమ్మం

గీతల సంగతి ఇంకొంచెం చెప్పవలసి ఉంది. పదేళ్లకొకసారి జనాభా లెక్కల తరువాత 15 మంది సభ్యుల కమిషన్ ఈ హద్దులను తిరిగి గీస్తుంది. కిందటిసారి 2022లో జరిగింది, ఆ గీతల మీద తొలి ఎన్నికలు 2023లో వచ్చాయి. 2022 సెప్టెంబరులో తన సొంత ముసాయిదానే కమిషన్ 8–7 ఓట్లతో తిరస్కరించి, అక్టోబరులో సవరించినది ఆమోదించిందంటే అందులో ఎంత పోట్లాట ఉన్నదో ఊహించవచ్చు. అతి పెద్ద నియోజకవర్గానికీ, అతి చిన్నదానికీ మధ్య తేడా 5 శాతం మించకూడదు. స్టేటెన్ ఐలండ్ జనాభా 4,95,747. దానిని మూడు నియోజకవర్గాలుగా విడదీసి, ఏదీ వంతెన దాటి బ్రూక్లిన్‌లోకి పోకుండా ఉంచాలనుకుంటే ఒక్కోదానికి 1,65,000 చిల్లర వస్తుంది. సగటు కంటే నాలుగు శాతం పైగా తక్కువ అక్కడే ఖర్చైపోయింది కనుక మిగతా 48 నియోజకవర్గాలకు అటూ ఇటూ కదలడానికి చోటు దాదాపు మిగలదు. అందుకే మన వీధుల్లో గీత అంత విచిత్రంగా వంకర్లు పోతుంది.

నేను రిచ్‌మండ్ హిల్ దగ్గర ఉంటాను. ఇక్కడ పంజాబీలూ, గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చిన భారతీయ మూలాలవారూ లిబర్టీ అవెన్యూ పొడవునా కలిసి ఉంటారు. గుడి, గురుద్వారా, మిఠాయి కొట్టు పక్కపక్కనే ఉంటాయి. అయినా ఈ సమాజం దశాబ్దాలుగా ఒకటి కన్నా ఎక్కువ కౌన్సిల్ నియోజకవర్గాల మధ్య చీలి ఉంది. తమను ఒకే నియోజకవర్గంలో ఉంచమని ప్రతి పునర్విభజనలోనూ వారు వచ్చి సాక్ష్యం చెబుతారు. ఏ సభ్యుని దగ్గరా వారు మొదటి వరుస కారు, ప్రతి సభ్యుని దగ్గరా మూడో వరుస. దానితో పోలిస్తే జాక్సన్ హైట్స్, ఎల్మ్‌హర్స్ట్ అధిక భాగం ఒకే గొడుగు కింద ఉండడం మీ అదృష్టం. బ్రూక్లిన్‌లో మాత్రం 2022 గీతలు సన్‌సెట్ పార్క్, బెన్సన్‌హర్స్ట్ వైపు ఆసియా మూలాలవారు అధికంగా ఉండే 43వ నియోజకవర్గాన్ని కొత్తగా ఇచ్చాయి.

తెలుగువారి మాట వస్తే, మన సంఖ్య ఏ ఒక్క కౌన్సిల్ నియోజకవర్గంలోనూ గీతను కదిలించేంత లేదు, మనం న్యూజెర్సీలోనే గుంపుగా ఉన్నాము. క్వీన్స్ బ్యాలెట్ పత్రం మీద బెంగాలీ ఉంటుంది, తెలుగు ఉండదు. నగర శాఖలు పత్రాలు అనువదించవలసిన పది భాషల్లో బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, మన భాష లేదు. అయితే అదే 2017 చట్టం కనీసం వంద భాషల్లో ఫోన్ మీద దుబాసీ సహాయం ఇవ్వాలంటుంది. ఇంట్లో పెద్దవారు ఫిర్యాదు చేయవలసి వస్తే 311కు చేసి, తెలుగు కావాలని అడగడంలో మొహమాటపడవద్దు. అడిగినవారి లెక్కే కదా రేపు ఎవరైనా చూసేది.

పౌరసత్వం వచ్చినవారికి ఒక్క మాట. ఇక్కడ అసలు పోటీ నవంబరులో కాదు, జూన్‌లో డెమొక్రాటిక్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఉంటుంది. అందులో ఓటు వేయాలంటే ముందుగానే ఆ పార్టీలో నమోదై ఉండాలి. 2021 నుంచి ప్రాధాన్య ఓటు పద్ధతి వచ్చింది, ఐదుగురి వరకు వరుస క్రమం ఇవ్వవచ్చు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అని అంకెలు వేసినవారికి ఇది కొత్తగా అనిపించదు. 2021లో 25వ నియోజకవర్గంలో కూడా మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం రాలేదు, ఒక్కొక్కరినీ తొలగిస్తూ లెక్కించిన తరువాతే విజేత తేలారు.


తిరిగి రాసినవారు: గోదావరి గట్టు

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే చేశాను, మూడు వారాల తరువాత ఇక్కడ రాస్తున్నాను. చిరునామా కొట్టి చూస్తే మాది 25 అని వచ్చింది, మిత్రునిది 22. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

పదకొండు రాత్రుల ఉష్ణోగ్రతలు రాసుకున్నాను, వాటిలో ఎనిమిది రాత్రులు 62 కన్నా తక్కువ. మా అంతస్తులో కొలంబియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడా, కింది అంతస్తులో టిబెట్ కుటుంబం ఒకటీ కూడా ఫిర్యాదు చేయడానికి ఒప్పుకున్నారు. ఆ పెద్దావిడకు ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. ఆమె మనవరాలు మా ఇద్దరి మధ్యా నిలబడి మాటలు అటూ ఇటూ చేరవేసింది. అందరివీ కలిపి ఏడు ఫిర్యాదు నంబర్లు అయ్యాయి. వాటిని ఒక కాగితం మీద రాసి, ఒక శుక్రవారం మధ్యాహ్నం కౌన్సిల్ కార్యాలయానికి వెళ్లాను. ముందు కూర్చున్న అమ్మాయి నా పేరు, చిరునామా, ఫోన్ నంబరు అడిగింది. వీసా గురించి గానీ ఓటు గురించి గానీ అడగలేదు. నేనే ఉండబట్టలేక, నేను ఇక్కడి పౌరుణ్ణి కానండీ అన్నాను. ఆమె తల ఎత్తకుండానే, ఏ అంతస్తు అని అడిగింది.

తనిఖీ అధికారి మరుసటి బుధవారం వచ్చి మూడు ఇళ్లలో కొలిచి వెళ్లారు. ఉల్లంఘన నమోదైంది. బాయిలర్‌కు ఏదో భాగం మార్చారని సూపర్ చెబుతున్నారు. నిన్న రాత్రి రెండింటికి లేచి చూస్తే 66 ఉంది, రేడియేటర్ మాత్రం గిన్నెలు దొర్లినట్టు ఒకటే చప్పుడు. ఈ చప్పుడుకు కూడా ఎవరి గుమ్మమైనా ఉంటే చెప్పగలరు.


సమాధానం 6
రాసినవారు: కూడలి కబురు

ఆ చప్పుడుకు 311 అవసరం లేదండీ. రేడియేటర్ లోపల అడుగున నీరు నిలిచి ఉంటుంది. కవాటానికి ఎదురుగా ఉన్న కాళ్ల కింద పలచటి చెక్కముక్క పెట్టి కొంచెం ఎత్తు చేయమని సూపర్‌ని అడగండి, నీరు వెనక్కి జారిపోతుంది. మా వేగ నిరోధకం కోసం ఈసారి నేను కూడా పది ఇళ్ల సంతకాలతో వెళుతున్నాను.